పేరు పక్కన పెట్టి కొలత అడగండి

గత సంచికలో ఇంటి నీటి పంపుల సంరక్షణ గురించి వ్రాసినదానికి పాఠకులనుంచి వచ్చిన ఉత్తరాలలో ఒకటి పంపులకు సంబంధించినది కాదు. త్వరలో పదవీ విరమణ చేయనున్న సహోద్యోగి ఒకరు వ్రాశారు. వారి తండ్రిగారు 1986లో కొన్న ప్రీమియర్ పద్మిని కారు నాలుగు నెలలుగా క్వార్టరు పక్కన రేకుల షెడ్డులో కదలకుండా ఉన్నది. వెనుక చక్రం దగ్గర వీల్ సిలిండరు కారుతున్నది. టౌన్‌షిప్ బయట ఉన్న మెకానిక్ రెండు వారాలు తిరిగి, "దీనికి సామాను రావడం లేదు సార్, కాటాకు వేసేయండి" అని చేతులు దులుపుకున్నాడట. పాత ఇనుము కొనేవాడు వచ్చి ధర కూడా చెప్పి వెళ్లాడు. రిజిస్ట్రేషన్ గడువు ఇంకొక రెండు నెలలలో ముగియనున్నది. బ్రేకులు లేని బండిని తనిఖీకి తీసుకువెళ్లడం కుదరదు. ఎనభై నాలుగేళ్ల తండ్రిగారు మాత్రం ప్రతి ఆదివారం ఉదయం షెడ్డు దాకా నడిచి వెళ్లి బానెట్ మీద దుమ్ము తుడిచి వస్తున్నారు. "అమ్మివేయమంటారా, ఆశ పెట్టుకోమంటారా?" అన్నది ఉత్తరంలోని ప్రశ్న.

ఆశ పెట్టుకోవచ్చుననే నా సమాధానం. అయితే ఇన్నాళ్లూ వెదికిన తీరులో కాదు. ఆయనా, మెకానికూ కలిసి దుకాణాలలో అడిగినది కారు పేరు. అడగవలసినది కొలత. ఈ రెండింటికీ ఉన్న తేడా మన నిర్వహణ విభాగాలలో పనిచేసినవారికి కొత్త కాదు. విదేశీ యంత్రాన్ని అమ్మిన సంస్థ ఆ నమూనాను నిలిపివేశామని ఉత్తరం పంపినప్పుడు మనం యంత్రాన్ని కాటాకు వేయలేదు. అరిగిన భాగాన్ని విప్పి, బల్లమీద పెట్టి, ఇది ఏ పదార్థం, ఏ కొలత, ఏ పని చేస్తున్నది అని ప్రశ్నలు వేసుకున్నాము. ఇంటి ముందున్న కారు దగ్గరకు వచ్చేసరికి ఆ అలవాటును కర్మాగారం గేటు దగ్గరే వదిలి వస్తున్నాము.

ముందుగా సామాను ఎందుకు తగ్గిపోయిందో చూద్దాము. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ ముంబయి కుర్లాలోని కర్మాగారంలో ఇటలీ ఫియట్ వారి 1100 కార్లను తయారుచేసింది. 1964 నుంచి డిలైట్ పేరుతో వచ్చిన నమూనాయే కాలక్రమాన పేరు మార్చుకొని 1974లో పద్మిని అయింది. 2001 నాటికి దాని తయారీ ఆగిపోయింది. అంబాసిడర్ తయారైన ఉత్తరపారా కర్మాగారం 2014 మే నెలలో పని నిలిపివేసింది. కాని కారు తయారీ ఆగిన రోజునే విడిభాగాలు ఆగిపోవు. వాటిని బ్రతికించినవి టాక్సీలు. ఇంటి కారు ఏడాదిలో తిరిగే దూరాన్ని టాక్సీ కొన్ని వారాలలోనే తిరుగుతుంది. బ్రేకు కప్పులు, క్లచ్ ప్లేట్లు, కింగ్‌పిన్నులు, సైలెన్సర్లు వేల సంఖ్యలో అరిగిపోతూ ఉంటే, వాటిని పోసి, నొక్కి, తిప్పి తయారుచేసే చిన్న చిన్న షెడ్లకు చేతినిండా పని ఉండేది. మనబోటి ఇంటి కార్లవారు ఆ ప్రవాహంలో ఒక చెంబెడు ముంచుకున్నాము, అంతే.

ముంబయిలో చివరి పద్మిని టాక్సీ 2003 అక్టోబరు 29న రిజిస్టరయింది. అక్కడి టాక్సీలకు ఇరవై ఏళ్ల పరిమితి ఉండడం వల్ల 2023 అక్టోబరు చివరికి అదీ వీధులనుంచి తప్పుకున్నది. కోల్‌కతాలో పదిహేనేళ్ల పరిమితి మూలంగా పసుపుపచ్చ అంబాసిడర్లు ఏటేటా తగ్గిపోతూ వచ్చాయి. గిరాకీ పోయినందున రబ్బరు కప్పుల డైని పక్కన పడవేసిన చిన్న పరిశ్రమవాడిని తప్పు పట్టలేము. అయితే ఇందులో మనకు పనికివచ్చే సంగతి ఒకటున్నది. కరువు ఇప్పుడిప్పుడే ముదురుతున్నది. పాత దుకాణాల అటకల మీద నిన్నటి సరుకు ఇంకా కొంత మిగిలి ఉన్నది. పదేళ్ల తరువాత ఈ వ్యాసానికి ప్రయోజనం ఉంటుందని చెప్పలేను.

ఇక కొలత సంగతి. దుకాణంలో "పద్మిని డైనమో బేరింగు ఉందా?" అని అడిగితే కౌంటరు వెనుక కుర్రవాడు తల అడ్డంగా ఊపుతాడు. అతడు పుట్టేనాటికే పద్మిని తయారీ ఆగిపోయింది. పాత బేరింగును కిరసనాయిలుతో కడిగి, అంచు మీద చెక్కిన అంకె చూసి, ఆ అంకె అడగండి. అక్కడ 6203 అని ఉంటే అది ఏ కారుదన్నది అప్రస్తుతం. లోపలి రంధ్రం 17 మి.మీ., బయటి వ్యాసం 40 మి.మీ., వెడల్పు 12 మి.మీ. అని ఆ అంకెకు అర్థం. ప్రపంచంలో ఎక్కడ తయారైనా అంతే. 6204 అయితే 20, 47, 14. చివరి రెండంకెలు 04 గాని అంతకు మించి గాని ఉంటే వాటిని అయిదుతో హెచ్చవేయండి, లోపలి రంధ్రం వస్తుంది. అంకె తరువాత రెండు జడ్‌లుంటే రెండువైపులా రేకు మూత, 2ఆర్‌ఎస్ ఉంటే రెండువైపులా రబ్బరు మూత. ఈ బేరింగులు నీటి పంపులలో, గ్రైండర్లలో, మన కన్వేయరు రోలర్లలో రోజూ తిరుగుతున్నాయి. అవి కారు దుకాణంలో దొరకకపోతే బేరింగుల దుకాణంలో దొరుకుతాయి. సికింద్రాబాదు రాణీగంజ్‌లో అరగంట తిరిగితే చాలు.

ఆయిల్ సీళ్లదీ ఇదే కథ. లోపలి వ్యాసం, బయటి వ్యాసం, వెడల్పు, ఈ మూడు అంకెలే దాని చిరునామా. చాలా సీళ్ల మీద ఇవి అచ్చువేసి ఉంటాయి. చెరిగిపోతే కొలవాలి. ఇక్కడ జాగ్రత్త అవసరం. అరిగినచోట కొలిస్తే వచ్చేది అరుగుదల కొలత గాని అసలు కొలత కాదు. సీలు పెదవి రాసుకున్న చోట షాఫ్టు 24.8 మి.మీ. ఉండవచ్చు. అర అంగుళం పక్కకు జరిపి, ఏదీ తగలని చోట మైక్రోమీటరు పెడితే 25.0 వస్తుంది. నమ్మవలసినది ఆ రెండవ అంకెను. షాఫ్టు మీద గాడి పడి ఉంటే కొత్త సీలు వేసినా కారుతుంది. అప్పుడు అవే వ్యాసాలలో వెడల్పు కాస్త తక్కువ సీలు తెచ్చి, గూటిలో ఒక మిల్లీమీటరు ముందుకో వెనక్కో కూర్చోబెడితే పెదవి తాజా ఉపరితలం మీద పడుతుంది. షాఫ్టు మార్చే ఖర్చు తప్పుతుంది. పదార్థం కూడా చూసుకోవాలి. మామూలు నైట్రైల్ రబ్బరు వంద డిగ్రీల సెల్సియస్‌కు కాస్త అటూ ఇటూగా తట్టుకుంటుంది. ఇంజను వేడి బాగా తగిలే చోట వైటాన్ అని అడగండి. ధర ఎక్కువ, ఆయుర్దాయమూ ఎక్కువే.

కొలతలలో అన్నింటికన్నా మోసం చేసేవి మరలు. పద్మిని ఇటలీ సంతానం, దానివి మెట్రిక్ మరలు. అంబాసిడర్ బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సంతానం, దానిలో అంగుళాల లెక్క. బ్రేకు గొట్టాల బిగింపులో సాధారణంగా కనబడే రెండు మరలను తీసుకోండి. ఒకటి 10 మి.మీ. వ్యాసం, మరకు మరకు మధ్య 1 మి.మీ. రెండవది అంగుళంలో మూడెనిమిదోవంతు, అనగా 9.53 మి.మీ. వ్యాసం, అంగుళానికి 24 మరలు, అనగా మరకు 1.06 మి.మీ. కంటికి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. పెద్ద రంధ్రంలో చిన్న మర వదులుగా తిరుగుతూ నాలుగు చుట్లు పోయి పట్టినట్టే అనిపిస్తుంది. బ్రేకు మీద బలంగా కాలు వేసిన రోజున ఊడివస్తుంది. యాభై రూపాయల మరల గేజి సంచిలో ఉండాలని నేను అందరితోనూ చెబుతూ ఉంటాను. పెద్దగా ఎవరూ కొన్నట్టు లేదు.

ఇప్పుడు ఉత్తరం వ్రాసిన మిత్రుని సిలిండరు దగ్గరకు వద్దాము. కారులో రాజీకి తావులేని భాగం ఇదే గనుక కొంచెం వివరంగానే చెప్పవలసి ఉన్నది. డ్రమ్ము బ్రేకు వీల్ సిలిండరులో ఉండేవి ఒక పోత ఇనుము గొట్టం, రెండు పిస్టన్లు, రెండు రబ్బరు కప్పులు, వాటి నడుమ ఒక స్ప్రింగు, బయట దుమ్ము తొడుగులు. కారుతున్నదంటే కప్పు అయినా పాడై ఉండాలి, గొట్టం లోపలి గోడ అయినా గుంటలు పడి ఉండాలి. విప్పి చూడకుండా "సిలిండరు దొరకదు" అనడం జ్వరం చూడకుండా మందు లేదనడమే. గోడ నున్నగా ఉంటే కావలసినవి కప్పులు మాత్రమే. కప్పులు బోరు వ్యాసాన్ని బట్టి తయారవుతాయి, కారు పేరును బట్టి కాదు. ముప్పావు అంగుళం బోరుకు తయారైన కప్పు ఆ బోరు ఉన్న ఏ వాహనానికైనా సరిపోయే అవకాశమున్నది. బోరు కొలత చాలా సిలిండర్లకు ఒంటి మీదే పోతపోసి ఉంటుంది. తుప్పు గీకి చూడాలి.

కప్పు కొలతతో పాటు దాని రబ్బరు జాతి ముఖ్యం. మనం బ్రేకు ఆయిల్ అంటాము గాని అది నూనె కాదు. గ్లైకాల్ జాతి ద్రవం. దానికి తట్టుకునే రబ్బరు వేరు, ఇంజను నూనెకు తట్టుకునే రబ్బరు వేరు. ఆయిల్ సీలుకు శ్రేష్ఠమైన నైట్రైల్ బ్రేకు ద్రవంలో ఉబ్బిపోతుంది. బ్రేకు కప్పుకు తగిన ఈపీడీఎం రబ్బరు పెట్రోలు, డీజిలు, ఇంజను నూనె తగిలితే ఉబ్బిపోతుంది. మన వీధి చివర షెడ్లలో అన్నింటినీ ఒకే పళ్లెంలో పెట్రోలుతో కడిగే అలవాటు ఉన్నది కదా, కొత్త కప్పులు ఆరు నెలలకే పోవడానికి సగం కారణం అదే. బ్రేకు భాగాలను కొత్త బ్రేకు ద్రవంతో గాని స్పిరిట్‌తో గాని కడగమని మేస్త్రికి ముందే చెప్పండి. ఎదురుగా నిలబడి చెప్పండి.

ఒక మహానగరంలోని పెద్ద దుకాణంలో నేను కొన్న కప్పుల పొట్లం మీద అక్షరాలు మెరుస్తున్నాయి, ప్రసిద్ధ కంపెనీ పేరులో ఒక్క అక్షరం మాత్రం తేడా. అనుమానం వచ్చి వాటిని బండికి వేయకుండా, గాజు సీసాలో బ్రేకు ద్రవం పోసి మూడు రోజులు నానబెట్టాను. వేసేముందు 19.1 మి.మీ. ఉన్న కప్పు తీసేసరికి 20.7 మి.మీ. అయింది. వేలితో నొక్కితే జెల్లీలా ఉన్నది. అది చక్రంలో ఉండి ఉంటే పిస్టన్ ఇరుక్కుపోయి, కాలు తీసినా బ్రేకు వదలకుండా డ్రమ్ము కాలిపోయేది. మంచి కప్పు ఇదే పరీక్షలో రెండు మూడు పదులవంతుల మిల్లీమీటరు కన్నా పెరగదు. దుకాణదారు మాటకన్నా ఈ సీసా మాట నమ్మదగినది. ఇంట్లో వెర్నియర్ ఉన్న పిల్లలెవరైనా ఈ పరీక్ష చేయగలరు. ద్రవం చర్మానికి, పెయింటుకు మంచిది కాదు కనుక పెద్దవారు పక్కన ఉండాలి.

గోడకు గుంటలు పడి ఉంటే ఏమి చేయాలి? సన్నని మచ్చలయితే హోనింగుతో పోతాయి. లోతైనవయితే కొందరు బోరు పెంచి పెద్ద కప్పు వేస్తామంటారు. ఒప్పుకోకండి. ముప్పావు అంగుళాన్ని పదమూడు పదహారోవంతులకు పెంచితే పిస్టన్ వైశాల్యం 17 శాతం పెరుగుతుంది. ఆ ఒక్క చక్రం మీద బ్రేకు అంత బలంగా పట్టి, వాన రోడ్డు మీద బండి ఒక పక్కకు లాగివేస్తుంది. సరైన పని ఏమిటంటే, బోరు పెంచి, అందులో ఇత్తడి గాని స్టెయిన్‌లెస్ స్టీలు గాని స్లీవు బిగించి, తిరిగి అసలు కొలతకు తీసుకురావడం. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ఇంజను సిలిండర్లకు స్లీవులు వేసేవారు చాలామంది ఉన్నారు. ఈ చిన్న పని తీసుకోవడానికి కొందరు విసుక్కుంటారు. కాని తెలిసినవారికి ఇది ఒక పూట పని. స్లీవు వేసినప్పుడు ద్రవం లోపలికి వచ్చే రంధ్రాన్ని, గాలి తీసే రంధ్రాన్ని దానిలో కూడా తొలిచారో లేదో చూసుకోవాలి. వేరే బండి సిలిండరు తెచ్చి వేసుకోవాలనుకుంటే బోరు, బోల్టుల మధ్య దూరం, గొట్టం మర, బ్రేకు షూ ఆనే గాడి వెడల్పు, ఈ నాలుగూ కలవాలి. మూడు కలిస్తే చాలదు.

బిగించిన తరువాత ఇంజను ఆపి పెడలు గట్టిగా తొక్కి ఒక నిముషం పట్టి ఉంచండి. కాలి కింద మెల్లగా దిగిపోతూ ఉంటే ఇంకా ఎక్కడో కారుతున్నదన్నమాట. పాత కార్లలో చాలావాటికి బ్రేకు గొట్టాల వలయం ఒక్కటే. ఒకచోట కారితే నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది కూడా. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక 140 డిగ్రీలకే మరగవచ్చు. రెండేళ్లకొకసారి మార్చడం మంచిది. సగం వాడి మూత పెట్టిన డబ్బాను ఏళ్ల తరబడి అలమారులో దాచకండి.

మిత్రులు వాడే "దొరకదు" అన్న మాట నిజంగా వర్తించేవి వేరే ఉన్నాయి. అన్నింటికన్నా ముందు గాజు. ముందు అద్దం వంపు తిరిగిన గాజు, మరొకదానినుంచి వంచి తేలేము. తలుపుల అద్దాలు గట్టిపరచిన గాజు అయితే తయారైన తరువాత కోయడానికి వీలులేదు, కోయబోతే పొడి పొడిగా రాలిపోతుంది. కోరిన ఆకారానికి కోసిన తరువాతే గట్టిపరచాలి. ఆ తరువాత తలుపుల రబ్బరు బీడింగులు, దీపాల గాజు మూతలు, మెరుగు పట్టీలు. వీటికి ప్రామాణిక అంకె లేదు, ఆకారమే అంకె. ఇవి మంచి స్థితిలో ఎక్కడ కనిపించినా, అప్పటికి అవసరం లేకపోయినా, కొని దాచుకోవలసినవి. పద్మిని ఇటలీలో 1962 నుంచి 1966 వరకు తయారైన 1100డి కారుకు తోబుట్టువు. పాత ఫియట్ల అభిమానుల కోసం బీడింగులు మళ్లీ పోసేవారు ఆ దేశంలో ఉన్నారు. అంబాసిడర్ యజమానులకు ఇంకొంచెం అదృష్టం. దాని 1489 సీసీ బి-సిరీస్ ఇంజను బ్రిటన్‌లో ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులోనూ వాడారు గనుక ఇంజను భాగాలు కొన్ని అక్కడి వ్యాపారుల దగ్గర నేటికీ దొరుకుతాయి. దిగుమతి సుంకం, రవాణా కలిపితే గుండె కాస్త గట్టిగా ఉండాలి.

తిరిగి తయారు చేయించుకోగలవి మరికొన్ని. కింగ్‌పిన్నును లేత్ మీద ఎవరైనా తిప్పి ఇస్తారు. అది ఏ ఉక్కు అన్నదే ప్రశ్న. మెత్తని ఉక్కుతో చేసినది చూడముచ్చటగా ఉంటుంది, కొద్ది నెలలకే బుష్‌లో ఊగుతుంది. పైచర్మం గట్టిగా, లోపలి గుండె పెళుసు కాకుండా ఉండేలా కార్బురైజింగ్ చేసి, ఆ తరువాత గ్రైండింగు చేయాలి. ఇచ్చినదాని మీద పాత ఆకురాయిని ఒక మూల రాసి చూడండి. జారిపోతే మంచిది, కొరికితే వెనక్కి ఇచ్చివేయండి. స్టీరింగు భాగాలను, ముందు చక్రాల స్టబ్ యాక్సిలును వెల్డింగు చేయించి వాడడం మాత్రం ఎంతటి మేస్త్రి చెప్పినా వద్దు. ఇంజను విషయంలో దిగులు తక్కువ. పద్మిని బోరు 68 మి.మీ., స్ట్రోకు 75 మి.మీ. అరిగితే రీబోరింగు చేసి పెద్ద పిస్టన్లు వేస్తారు. 0.6 మి.మీ. పెంచినా 1089 సీసీ కాస్తా 1109 అవుతుంది, అంతకన్నా తేడా లేదు. ఇక పెంచడానికి గోడ మిగలనప్పుడు స్లీవులు వేసి మళ్లీ 68కి రావచ్చు. కాగితం, కార్కు గాస్కెట్లు ఇంట్లోనే కోసుకోవచ్చును.

వెదకడానికి ఊళ్ల పేర్లు చెప్పమని కొందరు అడుగుతారు. ముంబయిలో కుర్లా, చోర్ బజార్, కోల్‌కతాలో మల్లిక్ బజార్, చెన్నైలో పుదుపేట, ఢిల్లీలో మాయాపురి, కాశ్మీరీ గేట్, బెంగళూరులో జె.సి. రోడ్డు. పద్మినికి పడమర దిక్కు, అంబాసిడర్‌కు తూర్పు దిక్కు మేలని స్థూలంగా అనుకోవచ్చు. బదిలీల మీద దేశమంతా తిరిగే మన సంస్థ ఉద్యోగులకు ఇందులో ఒక సౌకర్యమున్నది. ఆయా నగరాలలో మనవారు ఎవరో ఒకరు ఉంటారు. వారికి ఫోటో పంపితే చాలదు. కొలతలు వ్రాసిన చీటీ పంపండి, వీలైతే పాత భాగాన్నే పంపండి. మెరుగుపెట్టిన పెద్ద దుకాణాలకన్నా తండ్రి తరువాత కొడుకు కూర్చున్న ఇరుకు దుకాణాలు నయం. అక్కడ "పెద్దాయన ఉన్నారా?" అని అడగండి. కొడుకు లేదన్న సరుకు పెద్దాయనకు ఏ అటక మీద ఉన్నదో గుర్తుంటుంది.

మొత్తం పాడుబడిన కారునే కొని అందులోంచి భాగాలు తీసుకునేవారు ఉన్నారు. లెక్క చూస్తే చౌక బేరమే. అయితే కాగితాలు లేనిదానిని ముట్టుకోకండి. ఇంజను మార్చితే ఆ అంకెను రవాణా కార్యాలయంలో రిజిస్ట్రేషన్ పత్రం మీద నమోదు చేయించాలి. నమోదు లేని ఇంజను తనిఖీ రోజున బయటపడుతుంది. పదిహేనేళ్లు నిండిన సొంత కార్లకు అయిదేళ్లకొకసారి పునరుద్ధరణ ఉంటుందని తెలిసినదే. దానికి కట్టే రుసుము ఇటీవలి సంవత్సరాలలో బాగా పెరిగింది. ఇరవై ఏళ్లు దాటిన కారుకు 2025 ఆగస్టులో దానిని 10,000 రూపాయలు చేశారు. ఢిల్లీ, దాని పరిసరాల నిబంధనలు వేరు, అక్కడివారు విడిగా విచారించుకోవాలి.

కాబట్టి ఖర్చు పెట్టేముందు చూడవలసినది బండి శరీరాన్ని. ఈ రెండు కార్లకూ లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ చట్రం లేదు, రేకు శరీరమే చట్రం. కార్పెట్లు తీసి, నేల రేకును, తలుపుల కింది పెట్టె దూలాలను, వెనుక కమాను పట్టీలు బిగించే చోట్లను స్క్రూడ్రైవరు మొనతో పొడిచి చూడండి. అక్కడ రేకు పొరలు పొరలుగా రాలితే, ఎన్ని కొత్త సిలిండర్లు దొరికినా నేను ఆ బండిని ఉంచుకోమని చెప్పను. శరీరం గట్టిగా ఉంటే ఒక వీల్ సిలిండరు కోసం దానిని కాటాకు వేయమనీ చెప్పను. ఉత్తరం వ్రాసిన మిత్రునికి విడిగా ఇదే వ్రాసి, రెండు వైపుల సిలిండర్లనూ ఒకేసారి విప్పించమని కోరాను.

పెట్రోలు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే కొత్తగా పాడవుతున్న భాగాలు దానివల్లనే. దేశమంతటా 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలు వచ్చింది. సీసం వాల్వు సీట్లకు మెత్తగా పనిచేసేది. పోత ఇనుము హెడ్‌లోనే సీట్లు కోసిన పాత అంబాసిడర్ ఇంజన్లకు హెడ్ దింపిన ప్రతిసారీ గట్టి లోహపు సీట్లు వేయించుకోవడం గురించి ఆలోచించాలి. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చింది. దానికి తట్టుకునే పదార్థాలతో కార్లు రావడం 2023 ఏప్రిల్ నుంచి నియమమైంది. ఎనభైలనాటి పెట్రోలు గొట్టాలు, పంపు డయాఫ్రమ్ ఆ లెక్కలో లేవు. గొట్టాలు లోపల మెత్తబడి, పొట్టులా రాలి, కార్బురేటరు జెట్లలో చేరుతాయి. పగిలితే నిప్పు ప్రమాదం. ఫ్లోరో రబ్బరు పొర ఉన్న గొట్టం మీటరు లెక్కన దొరుకుతుంది, లోపలి వ్యాసం కొలిచి మొత్తం ఒకేసారి మార్చివేయండి. బండిని నెలల తరబడి నిలిపేటప్పుడు కార్బురేటరు గిన్నెలో పెట్రోలు ఉంచకండి. ఇథనాల్ తేమను లాక్కుని ఆ పోత లోహాన్ని తినివేస్తుంది.

కొని దాచిన సామానుకూ ఆయుష్షు ఉన్నది. రబ్బరు భాగాలను ఎండ తగలని చోట, మడత పడకుండా, పౌడరు జల్లి కవరులో పెట్టండి. మోటారు నడిచే గదిలో పెట్టకండి. బ్రష్షుల దగ్గర పుట్టే నిప్పురవ్వల వల్ల ఓజోన్ వస్తుంది, అది రబ్బరును పగుళ్లు తీస్తుంది. బేరింగుల పొట్లం వాడే రోజు వరకు విప్పకండి. ప్రతి దానిమీద కొన్న తేదీ, కొలత వ్రాసి పెట్టండి. పదేళ్ల తరువాత విప్పి చూసేది మీరు కాకపోవచ్చు.

మీ బండిలో ఏ భాగాన్నయినా కొలత పట్టి వేరే చోటునుంచి తెచ్చి విజయవంతంగా వాడి ఉంటే ఈ శీర్షికకు వ్రాయండి. కారు పేరు, తయారైన సంవత్సరం, పాత భాగం కొలతలు మి.మీ.లో, కొత్త భాగం అంకె, బిగించి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఈ వివరాలుంటే చాలు. వచ్చినవాటిని పరిశీలించి ఒక పట్టికగా ప్రచురించగలము. బ్రేకు, స్టీరింగు భాగాల విషయంలో వేయి కిలోమీటర్లయినా తిరగని అనుభవాలను దయచేసి ఇప్పుడే పంపవద్దు.